సముద్రం దాటిన కళింగ

పెనాంగ్‌లో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్ళి ఉద్యోగాలు చేసుకుంటున్న కుటుంబాలు కొన్ని పండగలకి ఒకచోట చేరుతుంటాయి. వండుకుంటారు, తింటారు, పిల్లలచేత నాలుగు తెలుగు అక్షరాలు దిద్దిస్తారు. ఈ చేరికకి ఓ పేరుంటే బాగుణ్ణని మా మేనత్త కూతురు మా నాన్నని అడిగింది. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అడిగిందే తడవుగా 'కళింగ సంఘం' అన్నారు. ఆమె వద్దంది. ఫోన్లో తెగలేదు. సంక్రాంతికి ఆమె వచ్చినప్పుడు ఇద్దరూ అరుగు మీద కూర్చుని తగువు మొదటినుంచీ మళ్ళీ వేసుకున్నారు. విన్నది విన్నట్టు రాశాను. ఒకటి రెండు చోట్ల మాత్రం నా నోరు ఊరుకోలేదు.

మేనకోడలు: పేరు బాగుంది మావయ్యా, కాదనను. పెనాంగ్‌లో బోర్డు మీద పెట్టడానికే పనికిరాదు. అక్కడ 'కెలింగ్' అంటే ఇండియా నుంచి వచ్చినవాణ్ణి ఈసడించే మాట. ఎవరన్నా మనవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. అలాంటిచోట 'కళింగ సంఘం' అని రాసుకుంటే మనల్ని మనమే తిట్టుకుని గుమ్మానికి తగిలించుకున్నట్టుంటుంది.

మావయ్య: ఎవడో నోరు పారేసుకుంటే రెండువేల ఏళ్ళు దాటిన పేరు వదిలేసుకోవాలా? అశోకుడు బండ మీద చెక్కించిన పేరమ్మా అది. ఖారవేలుడు హాథీగుంఫా గుహలో కళింగాధిపతినని రాయించుకున్నాడు. రోములో కూర్చున్న ప్లినీకి కూడా కళింగులు సముద్రం పక్కన ఉంటారని తెలుసు. వాళ్ళెవరికీ తిట్టు కానిది మీ పెనాంగ్‌లో ఎందుకయింది? తప్పు పేరుది కాదు, పలికినవాడిది.

మేనకోడలు: అశోకుడితోనే మొదలెడదాం. ఆయన బండ మీద కళింగ అంటే ఏటి? లక్షమందిని చంపిన చోటు. లక్షా యాభైవేలమందిని చెరపట్టి తీసుకుపోయిన చోటు. నువ్వు గొప్పగా ఎత్తుకున్న మొదటి రాతలోనే అది ఓడిపోయినవాళ్ళ దేశం.

మావయ్య: ఆ శాసనం ఎక్కడుందో చెప్పు.

మేనకోడలు: ఎక్కడేటి, కళింగలోనే కదా.

మావయ్య: కాదు. రాయలసీమలో, గుత్తికి దగ్గర ఎర్రగుడిలో ఉంది. పెషావర్ వైపు షాబాజ్‌గఢీలో ఉంది. కళింగ గడ్డ మీద, ధౌలిలో గాని జౌగడలో గాని లేదు. మిగతా శాసనాలన్నీ చెక్కించి, ఆ పదమూడోది, దాని ముందు రెండూ వదిలేశాడు. బదులుగా వేరే రెండు పెట్టించాడు. ప్రజలంతా నా బిడ్డల్లాంటివాళ్ళు, ఎవరినీ ఊరికే చెరలో పెట్టకండి, హింసించకండి అని అక్కడి అధికారులకి హెచ్చరిక. ఎవరి ఇంట్లో పీనుగు లేచిందో వాళ్ళ గుమ్మం ముందు ఆ లెక్క చదవలేకపోయాడు మరి.

మేనకోడలు: నా పని నువ్వే తేలిక చేశావు. ఎర్రగుడి దగ్గర నిలబడి చదివినవాడికి కళింగ అంటే చక్రవర్తి పశ్చాత్తాపం. జౌగడ దగ్గర ఉన్నవాడికి కళింగ అంటే కచేరీ, అధికారి, జైలు. రాజు ఒకడే, పేరొకటే. అప్పటికే ఎవరు ఎక్కణ్ణుంచి చూస్తున్నారన్నదాన్నిబట్టి దాని అర్థం వేరైపోయింది. మరి ఏ అర్థం కోసం బోర్డు రాయించమంటావు?

మావయ్య: అర్థాలు ఎన్ని ఊగినా నేల ఊగదు కదా. ముఖలింగం వెళ్ళిరా. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి గుడి చూడు. తూర్పు గంగుల కళింగనగరం అదే. త్రికళింగాధిపతులమని బిరుదు వేసుకున్నవాళ్ళు అక్కణ్ణుంచే ఏలారు. పూరీ జగన్నాథుడి గుడి ఎత్తించిన చోడగంగు ఆ వంశంవాడే. ఇక్కడ బస్సెక్కి వెళ్ళొచ్చే చోటుని పట్టుకుని, అర్థం ఏదీ అంటావేటి?

మేనకోడలు: ఆ గంగులే తరవాత రాజధానిని మహానది ఒడ్డున కటకానికి మార్చుకున్నారు. రాజుతోపాటు పేరూ వెళ్ళిపోయింది. ఇవాళ దేశంలో ఎవరినైనా అడుగు, కళింగ అంటే ఒడిశా అంటారు.

(ఇది మా నాన్నకి పుండు మీద కారం. ఆయన దాదాపు పది నిమిషాలు ఆవేశపడ్డారు. ఆయన ఏకరువు పెట్టినదంతా నిజమే: బిజూ పట్నాయక్ 1947లో పెట్టిన విమానాల కంపెనీ పేరు కళింగ, ఆయన ఇచ్చిన విరాళంతో యునెస్కో 1952 నుంచి ఇస్తున్న విజ్ఞాన ప్రచార బహుమతి పేరు కళింగ, ప్రపంచకప్ హాకీ జరిగిన భువనేశ్వర్ స్టేడియం పేరు కళింగ. "మనకేం మిగిలింది? తుఫాను వచ్చినప్పుడు రేడియోలో కళింగపట్నం!" అన్నారు. నవ్వకుండా ఉండలేకపోయాను. ఆయనకి కోపం వచ్చింది.)

మేనకోడలు: వాళ్ళు పెట్టుకున్నందుకు నీకు కోపంగాని, అక్కడా ఆ పేరు ఒక్కలా లేదు. జాజ్‌పూర్ జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీల కోసం కళింగనగర్ అని కట్టారు. ఆ పేరు పెట్టినవాడి మనసులో ఓడలు, కీర్తి అన్నీ ఉండే ఉంటాయి. 2006 జనవరి 2న భూములు పోతున్నాయని అడ్డుపడిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా చచ్చిపోయారు. ఇవాళ ఒడిశా ఆదివాసీకి కళింగనగర్ అంటే ఖారవేలుడు గుర్తుకురాడు. ఇంతెందుకు, మన జిల్లాలో సంగతి చూడు. ఇక్కడ కళింగ సంఘం అంటే ఊళ్ళో ఏమనుకుంటారు?

మావయ్య: (ఆగి) కాళింగుల కుల సంఘం అనుకుంటారు.

మేనకోడలు: కదా? మా చేరికలో కాళింగులున్నారు, వెలమలున్నారు, తూర్పు కాపులున్నారు, మత్స్యకారులున్నారు, మాలలున్నారు. పెనాంగ్‌లో బయటివాడు దాన్ని తిట్టుగా చదువుతాడు, లోపలివాడు కులంగా చదువుతాడు. నువ్వు అనుకున్న దేశం ఆ బోర్డు మీద ఒక్కడికీ కనపడదు.

మావయ్య: కులానికి ఆ పేరొచ్చింది దేశాన్నిబట్టే కదా!

మేనకోడలు: అవునేమో. నీలాంటి మాస్టారికి అది పట్టింపు. ఆ ఊళ్ళో పక్కింటావిడకి కాదు.

(ఇక్కడ కాసేపు టీలు. నేను ఊరుకోక, ఫిలిప్పీన్స్‌లో కళింగ అని ఒక రాష్ట్రమే ఉందట, మనవాళ్ళు అంతదూరం వెళ్ళారేమో అన్నాను. మా నాన్న మొహం వెలిగింది. అది అక్కడి కొండజాతుల భాషల్లో శత్రువు, తలలు నరికే వీరుడు అన్న మాట నుంచి వచ్చిందంటారని, మనతో చుట్టరికం ఏమీ లేదని ఆమె చెప్పేసరికి ఆ వెలుగు ఆరిపోయింది. పేరు వినగానే బంధువు దొరికాడనుకునే జబ్బు చరిత్ర మాస్టార్లకే కాదు, వాళ్ళ కొడుకులకీ ఉంటుంది.)

మావయ్య: ఫిలిప్పీన్స్ పోనీ. సింహళం సంగతేటి? పొలొన్నరువలో నిశ్శంకమల్లుడు, పన్నెండో శతాబ్దం చివర, నేను కళింగ వంశంవాణ్ణి, సింహపురంలో పుట్టానని శాసనాలు వేయించాడు. ఈ సింహాసనానికి చోళులూ కేరళులూ పనికిరారు, కళింగ వంశమే తగినదని చాటాడు. ఆ సింహపురం మన శ్రీకాకుళం పక్కనున్న సింగుపురమే అంటారు.

మేనకోడలు: అంటారు. కాదన్నవాళ్ళూ ఉన్నారు. సింహళ చరిత్రకారుడు పరణవితాన ఆ కళింగ అసలు ఇండియాలోదే కాదు, మలయా వైపుదని వాదించాడు. అదలా ఉంచు. నిశ్శంకమల్లుడు పోయిన ఇరవై ఏళ్ళు తిరక్కుండా, 1215లో, ఆ ద్వీపం మీదకి దండెత్తి వచ్చి పొలొన్నరువని కొల్లగొట్టినవాడి పేరేటి?

మావయ్య: మాఘుడు.

మేనకోడలు: కళింగ మాఘుడు. సింహళ వంశచరిత్రల్లో విహారాలు కూలదోసిన దుర్మార్గుడు. సింహాసనానికి అర్హత ఇచ్చిన పేరే ఒక తరం తిరిగేసరికి దేశం పాడుచేసినవాడి ఇంటిపేరయింది. ఆ ద్వీపంలో ముసలమ్మ ఒకామె రెండూ చూసి ఉండొచ్చు.

మావయ్య: సరే, రాజులు మారితే పేరుకి మంచీచెడ్డా అంటుకుంటుంది. కులోత్తుంగ చోళుడు మన రాజమహేంద్రవరపు రాజరాజనరేంద్రుడి కొడుకు. ఆయన సేన కళింగ మీద పడి గెలిచిందని తమిళంలో కళింగత్తుప్పరణి అని కావ్యమే ఉంది. వాళ్ళకది విజయం, మనకది ఓటమి. ఇవన్నీ ఏ దేశానికైనా ఉండేవే. నేనడిగేది వేరు. సముద్రం అవతల కళింగ అంటే మొదట్లో గౌరవమా, కాదా? జావాలో హోలింగ్ అని చైనావాళ్ళు రాసిన రాజ్యం ఉంది, ఇండోనేషియా పిల్లలు పుస్తకాల్లో కళింగ అని చదువుకుంటున్నారు. జెపారా దగ్గర ఇప్పటికీ కెలింగ్ అని ఊరుంది. మలయ్ రాజుల కథలు చెప్పే సెజారా మెలాయులో కెలింగ్ దేశమంటే మహారాజుల దేశం. ఆ దేశం పేరులో ఈసడింపు ఏముందో చెప్పు.

మేనకోడలు: దేశం పేరుగా లేదు. అక్కడిదాకా నీతో ఒప్పుకుంటాను. ఇంకో వంద అడుగులు కూడా నీతోనే వస్తాను. 1511లో పోర్చుగీసువాళ్ళు మలక్కా పట్టుకున్నారు. తరవాత ఏడాదికి అక్కడికి వచ్చిన తొమె పిరెష్ అనే మందుల వ్యాపారి ఊరి వ్యాపారమంతా రాసిపెట్టాడు. అతని రాతలో క్లింగులంటే పెద్ద ఓడలున్న సెట్లు. వాళ్ళలో నీనా చటు అనే హిందూ వర్తకుణ్ణి పోర్చుగీసువాళ్ళు బెందహరాని చేశారు, మనం దివాన్ అనుకోవచ్చు. 1748లో మలక్కాలో కట్టిన మసీదు పేరు కంపోంగ్ క్లింగ్. మా పెనాంగ్‌లోనే, ఈస్టిండియా కంపెనీ కాలంలో, కాదర్ మొహిదీన్ అనే తమిళ ముస్లిం వర్తకుణ్ణి ఇంగ్లీషువాళ్ళు మనవాళ్ళకి పెద్దగా నియమించారు. ఆయన కట్టించిన మసీదు 1801 నాటిది, దాని పేరు కపితాన్ కెలింగ్. ఊరు చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ దాని ముందు ఫోటో దిగుతాడు.

మావయ్య: మరింకేం! గుమ్మం మీద కెలింగ్ అని రాసుకుని మసీదు రెండువందల ఏళ్ళనుంచి గొప్పగా నిలబడుంది. మనం రాస్తే తప్పా?

మేనకోడలు: ముందు ఒకటి గమనించు. వీళ్ళలో కళింగవాడు ఒక్కడు లేడు. మలక్కా సెట్లు చాలామంది కోరమాండల్ తీరపు తమిళులు. కాదర్ మొహిదీన్ కూడా అంతే. కళింగ తీరం నుంచి మొదట వెళ్ళినవాళ్ళ పేరు, వెనక వెళ్ళిన దక్షిణాది వాళ్ళందరికీ అంటుకుంది.

మావయ్య: అదొక్కటేనా? 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని ఆ ఊరివాళ్ళు తిలంగాలన్నారు. వాళ్ళందరూ అవధ్ వైపు పూర్బియాలు. ఒక్కడికి తెలుగు ముక్క రాదు. కంపెనీ మొదట సిపాయిల్ని చేర్చుకుంది మన వైపు కాబట్టి ఆ పేరు యూనిఫారానికి అతుక్కుపోయింది. కళింగ పేరు తమిళులకి వెళ్ళిందంటే గౌరవం పంచుకున్నట్టే. నాకేం బాధ లేదు.

మేనకోడలు: గౌరవం పంచుకున్నప్పుడు బాధలేదు, నిజమే. తరవాత పంచుకున్నది వేరు. 1790ల నుంచి కంపెనీ మన దేశపు ఖైదీల్ని ద్వీపాంతరం పేరుతో పెనాంగ్ పంపింది. 1825 నుంచి సింగపూర్‌కి. అది 1873దాకా సాగింది. సింగపూర్‌లో సెయింట్ ఆండ్రూస్ కథీడ్రల్ చూసి అబ్బా ఎంత తెల్లగా ఉందో అంటారు. దాన్ని కట్టింది ఆ ఖైదీలే. రోడ్లు వేసిందీ, అడవి కొట్టిందీ వాళ్ళే. కాళ్ళకి సంకెళ్ళు. ఆ తరవాత చెరకుతోటలకి, కాఫీకి, రబ్బరుకి ఒప్పందం కూలీలు. ఆ తరవాత కంగాణీలనే కూలి మేస్త్రీలు ఊళ్ళమీద పడి తోలుకుపోయినవాళ్ళు. మనవాళ్ళు పెరాక్‌లో బగాన్ దాతో కొబ్బరితోటల్లో దిగారు, ఇప్పటికీ అక్కడ తెలుగువాళ్ళు గుంపుగా ఉన్నారు. పేరు మాత్రం అదే, కెలింగ్. సెట్టి ఓడ దిగినప్పుడు ఆ మాట వింటే జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. కూలి ఓడ దిగినప్పుడు అదే మాట దారి తప్పుకోమని అరవడానికి పనికొచ్చింది. పేరు అర్థం ఎక్కడా దానంతటది చెడలేదు మావయ్యా. దాన్ని మోస్తున్నవాడి కూలి రేటు పడిపోయింది.

మావయ్య: (కొంచెంసేపు మాట్లాడలేదు.) మరి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే అక్కడివాళ్ళు ఏమంటారు?

మేనకోడలు: అదే చెప్పబోతున్నాను. కళింగ అని చదువుకున్నవాళ్ళు అంటారు. మామూలు మనిషిని అడిగితే, సంకెళ్ళ చప్పుడు అంటాడు. ఖైదీలు నడుస్తుంటే కాళ్ళదగ్గర క్లింగ్ క్లింగ్ మనేదట, అందుకని ఆ పేరట. ఆడవాళ్ళ కాలి పట్టీల చప్పుడని ఇంకొకరు అంటారు.

మావయ్య: శుద్ధ అబద్ధం! నువ్వే చెప్పావు, 1512లో పోర్చుగీసువాడు క్లింగ్ అని రాశాడని. సంకెళ్ళు వచ్చింది 1790ల్లో. రెండువందల డెబ్భై ఏళ్ళ ముందే ఉన్న మాటకి తరవాత వచ్చిన చప్పుడు ఎలా పుట్టుక అవుతుంది? పరీక్షలో పిల్లాడు ఇలా రాస్తే సున్నా వేస్తాను.

మేనకోడలు: వెయ్యి. నేనూ వేస్తాను. కాని ఆ పిల్లాడు రాసింది ఇంకోసారి చదువు. మాట పుట్టుక తప్పు చెప్పాడు, మాట ఎందుకు గాయం చేస్తోందో మాత్రం సరిగ్గా చెప్పాడు. అశోకుడు, ఖారవేలుడు, ముఖలింగం అన్నది నిజమైన పుట్టుక, దాన్నిండా రాజులే. సంకెళ్ళ చప్పుడు అబద్ధపు పుట్టుక, అందులో ఖైదీ ఉన్నాడు. ఆ ఖైదీలకి శాసనాలు లేవు, కావ్యాలు లేవు. వాళ్ళని ఎవరైనా జ్ఞాపకం పెట్టుకున్నారంటే ఈ తప్పుడు వ్యుత్పత్తిలోనే పెట్టుకున్నారు.

(మా నాన్న ముఖలింగం మీద గంటసేపు మాట్లాడగల మనిషి. దీనికి మాత్రం వెంటనే జవాబు చెప్పలేదు. నాకు ఆ వ్యుత్పత్తి మీద నమ్మకం లేదు, ఆమె మాట మీద ఉంది. ఆయన కాసేపటికి వేరే దారిలో వచ్చారు. అదీ తక్కువ దెబ్బ కాదు.)

మావయ్య: అయితే కోరంగి సంగతి చెప్తాను, విను. కాకినాడ దిగువన, యానానికి దగ్గర. గౌతమీ పాయ మీద రేవు. ఓడలు కట్టేవారు, ఓడలు బాగుచేసేవారు. 1789 డిసెంబరు తుఫానులో మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచాయి. 1839 నవంబరులో మళ్ళీ. సైక్లోన్ అన్న మాటని ఇంగ్లీషుకి ఇచ్చిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని ఆ కోరంగి కెరటాల గురించి రాశాడు. నది మేట వేసింది, రేవు పోయింది. కాని పేరు అప్పటికే ఓడెక్కి బర్మా వెళ్ళిపోయింది. ఆ తీరం నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్ళిన ప్రతి తెలుగువాడూ అక్కడ కోరంగీవాడే.

మేనకోడలు: కోరంగి కూడా కళింగ అన్నదానికే వికృతి కావచ్చని హాబ్సన్-జాబ్సన్ అనే పాత ఇంగ్లీషు నిఘంటువులో ఉంది. రూఢి కాదులే.

మావయ్య: రూఢి అక్కర్లేదు. నేను చెప్పేది అది కాదు. ఇక్కడ కళింగపట్నంలో, బారువలో, భీమిలిలో స్టీమర్లు ఆగేవి. మా తాతల తరంలో కరువొస్తే రంగమే. వరి మళ్ళు కోతకొచ్చేదాకా అక్కడ రేవులో బస్తాలు మోసి, డబ్బులు మూటకట్టుకుని వచ్చేవారు. 1931 లెక్కల్లో రంగూన్ ఊళ్ళో సగానికి పైగా జనం ఇండియావాళ్ళే. రేవంతా తెలుగు చేతుల మీద నడిచేది. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి పిలిచాయి. తరవాత మనవాళ్ళతో రాజీ కుదుర్చుకుని ఆ బర్మావాళ్ళని పొమ్మన్నాయి. మే 26 నుంచి కొట్లాట. వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది మనవాళ్ళు. వీధుల్లో వెతికి వెతికి కొట్టారు. అప్పుడు వాళ్ళని పిలిచిన పేరు కోరంగీ. నువ్వన్నట్టే, కూలీల పేరు.

మేనకోడలు: మరి నా మాటే కదా నువ్వు చెప్తున్నది.

మావయ్య: వినమ్మా. జపాన్ బాంబులు పడ్డాక వాళ్ళలో కొందరు అడవుల్లోంచి నడిచి వచ్చారు. 1960ల్లో బర్మా పాలకుడు నే విన్ దుకాణాలు లాక్కున్నాక మళ్ళీ కొందరు వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ అడ్రసు రాస్తారు. వాళ్ళ కష్టానికి అక్కడో పేటైనా మిగిలింది. కోరంగికి ఏం మిగిలింది? 1978లో అభయారణ్యం చేశారు. ఇవాళ కోరంగి అంటే మడ అడవులు, నీటి పిల్లులు, చెక్కవంతెన, ఆదివారం పడవ షికారు. కాకినాడలో కాలేజీ పిల్లని అడుగు, ఆ మాట రంగూన్లో తిట్టని తెలుసా అని. తెలీదు. నువ్వు గొప్ప అనుకుంటున్నది ఇదేనా? తిట్టు పోయింది, మంచిదే. దాంతోపాటు తిట్టుతిన్నవాడూ పోయాడు. నీ పెనాంగ్ బోర్డు మీద ఆ పేరు దాచేస్తే జరిగేది ఇదే. సంకెళ్ళ ఖైదీ ఆ మాటలో ఉన్నాడన్నది నువ్వే కదా, మరి మాట తీసేస్తే వాడెక్కడుంటాడు?

మేనకోడలు: (చాలాసేపటికి) ఇది బలమైన మాటే. కాని ఒకటి మర్చిపోతున్నావు. ఆ ఖైదీగాని ఆ కూలిగాని తనని తాను కెలింగ్ అని పిలుచుకోలేదు. కోరంగీ అని పిలుచుకోలేదు. నీ ఊరేదంటే టెక్కలి అన్నాడు, సోంపేట అన్నాడు, నరసన్నపేట అన్నాడు. ఆ పేరు ఎప్పుడూ ఎదుటివాడి నోట్లోదే. సింగపూర్‌లో క్లింగ్ స్ట్రీట్ అని ఉండేది. 1920ల మొదట్లోనే అక్కడి ఇండియావాళ్ళు అభ్యంతరం చెప్తే చూలియా స్ట్రీట్ అని మార్చారు. మనకంటే వందేళ్ళ ముందు, ఆ మాట తిన్నవాళ్ళే దాన్ని వద్దన్నారు. వాళ్ళు వదిలించుకున్నదాన్ని, ఇప్పుడు చిప్ కంపెనీల్లో జీతాలు తీసుకుంటున్న మేం వెళ్ళి, ఇది మా పూర్వుల గొప్ప పేరు అని నెత్తిన పెట్టుకుంటే, ఆ బగాన్ దాతో తోటల నుంచి వచ్చినవాళ్ళు మా మొహం చూసి ఏమనుకోవాలి?

మావయ్య: మసీదు వాళ్ళు మార్చలేదే?

మేనకోడలు: అది పెద్దమనిషి పదవి పేరు. కపితాన్ అని ముందుంది కాబట్టి కెలింగ్‌కి కాపలా ఉంది. మాకు కపితాన్ ఎవరు, నువ్వా?

(నవ్వుకున్నారు. ఇక్కడ తెగుతుందనుకున్నాను. తెగలేదు. ఆమె వేరే పేర్లు ఎత్తుకుంది. వంశధార అంది. నాగావళి వైపువాళ్ళు అలుగుతారన్నారు ఆయన. శ్రీకాకుళం అంది. విజయనగరం వాళ్ళనేం చేస్తావన్నారు. ఉత్తరాంధ్ర అంది. ఆయన మొహం చిట్లించి, అది ఏదో ఒకదానికి ఉత్తరాన ఉండటం తప్ప పేరా అన్నారు. అది నాకూ నిజమే అనిపించింది; మనల్ని మనం బెజవాడలో నిలబడి చూసుకుంటే తప్ప ఆ పేరు పుట్టదు. చివరికి ఆమె సిక్కోలు అంది.)

మావయ్య: సిక్కోలా? విశాఖలో ఆ మాట అంటే ఏటి గుర్తొస్తుందో తెలుసా? సినిమాల్లో పనివాడికి, వాచ్‌మెన్‌కి పెట్టే యాస గుర్తొస్తుంది. ఆఫీసుల్లో మనవాడు నోరు విప్పగానే వచ్చే నవ్వు గుర్తొస్తుంది. నా పేరు తిట్టని చెప్పి, ఇంకో తిట్టు తెస్తున్నావు.

మేనకోడలు: తెస్తున్నాను. తేడా ఉంది. సిక్కోలు అని మన నోటితో మనం అంటాం. మా అమ్మ అంటుంది, నువ్వూ మర్చిపోయినప్పుడు అంటావు. ఎవడో నవ్వితే నవ్వనీ. ఎదుటివాడు పెట్టిన పేరు మీద నవ్వితే ఏం చెయ్యాలో తెలీదు, మనం పెట్టుకున్న పేరు మీద నవ్వితే సమాధానం చెప్పగలం.

మావయ్య: విజయనగరం వాళ్ళు?

మేనకోడలు: ఒకప్పుడు వాళ్ళదీ చికాకోల్ సర్కారే కదా. నువ్వే పాఠం చెప్పావు.

మావయ్య: గుల్షనాబాద్ అని కూడా చెప్పాను. అదీ శ్రీకాకుళం చుట్టుపక్కల పేరే ఒకప్పుడు. గులాబీల ఊరు. అదీ రాయించుకో!

మేనకోడలు: అది ఎవరూ పిలవలేదు కాబట్టే ఎవరికీ కోపం తెప్పించదు. నేను వెళ్ళాక ఓటింగు పెడతారు. కళింగ, సిక్కోలు, రెండే ఉంచుతాం. పిల్లలకీ ఓటుంది.

మావయ్య: నాకు?

మేనకోడలు: నువ్వు అక్కడ ఉండవు కదా.

మావయ్య: పేరు అడిగింది నన్నే. నా ఓటు కళింగకి, రాసుకో. పక్కన బ్రాకెట్లో, కోరంగి వాళ్ళ తరఫున కూడా అని రాయి.

మేనకోడలు: రాస్తాను. వాళ్ళు నీకు ఓటు అప్పగించినట్టు కాగితం ఉందా అని అడుగుతారు.

మావయ్య: అడగమను.